సకినాలు విరుగుతాయని పంపడం మానేస్తామా?

మొన్న సంక్రాంతికి మా మనవరాలు పూణే నుంచి నాలుగు రోజుల సెలవు మీద నిజాంసాగర్ వచ్చింది. పోయేటప్పుడు డబ్బాలో కట్టివ్వాలి గదా అని పొద్దున్నే బియ్యప్పిండి కలిపి, నూలుబట్ట పరిచి సకినాలకు కూర్చున్నాను. నువ్వులూ వామూ కలిపిన పిండిని వేళ్ళ మధ్య మెలితిప్పుతూ చుట్టు మీద చుట్టు వేయడం నేర్పుదామని పిలిస్తే పిల్ల పలకదు. చూద్దును గదా, గోడకు చేరగిలబడి, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏమైందే బిడ్డా? పరీక్ష తప్పినవా ఏంది?" అన్నాను గాబరాగా.

"పరీక్ష కాదమ్మమ్మా, కథ" అంది ముక్కు ఎగబీలుస్తూ.

కాలేజీలో పాఠమట. చైనా రచయిత లూ శున్ 1924లో రాసిన కథ, ఇంగ్లీషులో. ఒక పనిమనిషి కథ. ఆమెకు పేరు కూడా లేదు, 'శియాంగ్‌లిన్ పెళ్ళాం' అంటారంతే. మొగుడు పోతాడు. అత్త పట్టుకుపోయి కొండ ఊళ్ళో ఇంకొకడికి అమ్మేస్తుంది. రెండోవాడూ జ్వరంతో పోతాడు. ఉన్న ఒక్క పిల్లవాణ్ణి తోడేలు ఎత్తుకుపోతుంది. మళ్ళీ పాత యజమాని ఇంటికే పనికొస్తుంది. పని అంతా చేయించుకుంటారు గాని, పండగనాడు పెద్దలకు నైవేద్యం పెట్టే గిన్నెలు మాత్రం ముట్టుకోనివ్వరు. దరిద్రపు చెయ్యి తగిలితే పెద్దలు తినరని. ఆ పాపం పోతుందని ఎవరో చెబితే, కూడబెట్టిన జీతమంతా పోసి గుడికి గడప చేయిస్తుంది, పదిమందీ దాన్ని తొక్కిపోవడానికి. ఇక శుద్ధినైపోయానని సంబరంగా గిన్నెల దగ్గరికి పోతే, మళ్ళీ వద్దంటుంది యజమానురాలు. అంతే, ఆ మనిషి విరిగిపోతుంది. బిచ్చమెత్తుకుంటూ, ఊరంతా పండగ చేసుకుంటుంటే చచ్చిపోతుంది.

"ఎంత అన్యాయం కదా అమ్మమ్మా! మన లిటరేచర్‌లో ఇలాంటి కథలు లేవా?" అంది.

నా చేతిలో సకినం తెగిపోయింది.

ఎందుకంటే, ఆ పిల్ల ఆనుకున్న గోడకే, సరిగ్గా ఆ పిల్ల తలమీదుగా, మా మేనత్త ఫొటో ఉంది. పద్నాలుగో ఏట పసుపు కుంకుమలు పోగొట్టుకుని పుట్టింటికి వచ్చిన మనిషి. ఇంట్లో ఏ పెళ్ళి జరిగినా కోడి కూయకముందే లేచి వందమందికి వండేది. తలంబ్రాల వేళకు మాత్రం వంటింటి తలుపు వెనక్కి పోయేది. సకినాలు చుట్టడం నాకు నేర్పింది ఆవిడే. ఆవిడ చుట్టిన సకినం అచ్చుపోసినట్టుండేది. కాని వియ్యాలవారింటికి పంపే సకినాల మీద మాత్రం ఆవిడ చెయ్యి పడనిచ్చేవాళ్ళు కాదు. పిండి ఆవిడే విసరాలి, నువ్వులు ఆవిడే ఏరాలి. చుట్టేవేళకు లేచి అవతలికి పోవాలి.

చైనా వితంతువు కోసం కన్నీళ్ళు పెట్టుకున్న పిల్లకు, తన తలమీదున్న వితంతువు ఎవరో తెలియదు. తప్పు పిల్లదంటారా? నేను అనను. తప్పు ఎవరిదో తేల్చుకుందామనే ఇవాళ కాగితం, కలం పట్టుకున్నాను. పోట్లాడుతున్నాననుకున్నా సరే.

"మనకు లేవా" అని అడిగితే ఏం చెప్పను? లేకపోవడమేమిటి? గురజాడ వారి 'కన్యాశుల్కం' 1892లోనే రంగస్థలమెక్కింది. భండారు అచ్చమాంబ గారు 1902లో 'ధనత్రయోదశి' కథ రాశారు. అబ్బూరి ఛాయాదేవి గారు కుండీలో మొక్కను చూపించి ఆడదాని బతుకంతా చెప్పేశారు. ఇవన్నీ మా బీరువాలో ఉన్నాయి. కాని పిల్ల తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. తండ్రి ఉద్యోగం ఊరూరా తిప్పింది, బడిలో హిందీ, మరాఠీ, ఇంగ్లీషు అయ్యాయి. ఇలాంటి పిల్లలు మీ ఇళ్ళల్లో లేరా? గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పండి.

ఇక అసలు ప్రశ్న. ఎక్కడో చైనాలో పుట్టిన కథ పూణేలో చదువుకునే తెలుగు పిల్ల ఒళ్ళోకి రాగలిగింది. ఈ గోడమీది కథ ఎందుకు రాలేకపోయింది?

ఆ సాయంత్రం అటక మీది ఇనప్పెట్టె దింపించాను. మావారు నీటిపారుదల శాఖలో పనిచేసే రోజుల్లో హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా, ఆదివారం ఆబిడ్స్‌లో పేవ్‌మెంటు మీద పరిచే పాత పుస్తకాలు ఏరుకొచ్చేవారు. వాటిలో 'చైనీస్ లిటరేచర్' అనే పత్రిక సంచికలు పది పన్నెండు ఉండాలి. ఉన్నాయి! అంచులు చెదలు కొట్టినా అక్షరాలు పోలేదు.

ఈ పత్రిక పుట్టింది 1951లో, అప్పటి పెకింగులో. చైనా కథలూ కవితలూ నాటకాలూ ఇంగ్లీషులోకి మార్చి దేశదేశాలకూ పంపడమే దాని పని. ఒక దశలో నెల నెలా వచ్చేది, తరవాత మూడు నెలలకొకసారి అయింది. 2001లో ఆగిపోయింది. అంటే యాభై ఏళ్ళు! మన ఇళ్ళల్లో ఒక పత్రికకు చందా కట్టి యాభై ఏళ్ళు చదివినవాళ్ళే అరుదు. అలాంటిది యాభై ఏళ్ళపాటు తమ కథలు పరాయి భాషలో అచ్చువేసి పంపారు.

ఆ పుట్టిన సంవత్సరం మరిచిపోకండి. 1951 అంటే కొరియాలో చైనా సైనికులూ అమెరికా సైనికులూ ఎదురెదురుగా కాల్చుకుంటున్న ఏడు. ఇంగ్లీషు మాట్లాడే దొరలతో బద్ధవైరం. అయినా, "వాళ్ళ భాష మనకెందుకు" అని అలిగి కూర్చోలేదు. యుద్ధం యుద్ధమే, మా ఇంట్లో ఏం వండుకుంటున్నామో మీరూ రుచి చూడండి అన్నారు.

ఆ పత్రికలో పనిచేసిన ఒక దంపతుల సంగతి చెప్పాలి. ఆయన యాంగ్ శ్యెన్‌యీ. ఆవిడ గ్లాడిస్. చైనాలో మిషనరీల ఇంట పుట్టిన ఇంగ్లీషు పిల్ల. ఆక్స్‌ఫర్డులో చదువుకుంటూ ఇద్దరూ ఇష్టపడ్డారు. యుద్ధకాలంలో చైనా వచ్చి పెళ్ళి చేసుకున్నారు. ఆయన మూలం చూస్తూ ఇంగ్లీషులో చెబుతుంటే ఆవిడ టైపు చేసి, తరవాత నగిషీ పెట్టేదట. మా మనవరాలి పాఠం ఎవరు అనువదించారో అని చివరి పేజీ తిప్పి చూస్తే, వీళ్ళ పేర్లే ఉన్నాయి! మూడు సంపుటాల 'ఎర్ర భవనాల స్వప్నం' నవలను 1978-80 మధ్య ఇంగ్లీషులో వెలువరించిందీ వీళ్ళే.

"అదంతా ప్రభుత్వ ప్రచారమమ్మా" అన్నారు మా వాడకట్టులోనే ఉండే రిటైరైన సారు. ఆయనకు నేనంటే గౌరవమే గాని, నా మాట మీద మాట వేయకపోతే మధ్యాహ్నం నిద్రపట్టదు. కాదని నేనెందుకంటాను? ప్రచారమే. 1966 తరవాత పదేళ్ళపాటు ఆ పత్రికలో నినాదాలు ఎక్కువ, కథలు తక్కువ. ఇంత సేవ చేసిన ఆ దంపతులిద్దరినీ 1968లో పట్టుకుపోయి నాలుగేళ్ళు చెరలో పెట్టారు. సర్కారు డబ్బుతో పాటు సర్కారు పెత్తనం కూడా వస్తుందని నాకూ తెలుసు. కాని సారు ఒక్క సంగతి గమనించలేదు. నినాదాలు కొట్టుకుపోయాయి. లూ శున్ మిగిలాడు, శియాంగ్‌లిన్ పెళ్ళాం మిగిలింది. కాలవ తవ్వినవాడి ఉద్దేశం ఏదైతేనేం, పారిన నీళ్ళు పొలానికి అందాయా లేదా?

ఆ పెట్టెలోనే మావ్ దున్ 1932లో రాసిన 'వసంతకాలపు పట్టుపురుగులు' కథ ఇంగ్లీషులో దొరికింది. పెళ్ళయిన కొత్తలో, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివిన కథ. తుంగ్ పావో అనే ముసలి రైతు అప్పుచేసి పట్టుపురుగులు పెంచుతాడు. ఇంటిల్లిపాదీ రాత్రింబగళ్ళు జాగారం చేస్తారు. గూళ్ళు విరగ్గాస్తాయి. తీరా అమ్మబోతే కొనేవాడు లేడు. పంట బాగా పండిన పాపానికి అప్పు ఇంకా పెరుగుతుంది. ఆ కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే మా నిజాంసాగర్ కాలవ కింద వరి విరగపండిన ఏడే ధర పడిపోయి, ధాన్యం రాశి దగ్గర తల పట్టుకున్న రైతులను నేను నా కళ్ళతో చూశాను. 1962లో మనతో యుద్ధం చేసిన దేశం అది. సరిహద్దు పేచీ ఇంకా తెగలేదు. అయినా ఆ ముసలి తుంగ్ పావోతో నాకే పేచీ లేదు. కథ చేసే పని అది. ఆ పని మన కథల చేత ఎందుకు చేయించుకోమంటాను నేను?

ఇప్పుడు మన సంగతి చూద్దాం. బయటివాటిని లోపలికి తెచ్చుకోవడంలో మనం ఎవరికీ తీసిపోలేదు. మాలతీ చందూర్ గారు 'స్వాతి' మాసపత్రికలో 'పాత కెరటాలు' పేరుతో ప్రపంచ నవలలను పరిచయం చేస్తుంటే, ఆ నెల పుస్తకం కోసం మా వాడకట్టు ఆడవాళ్ళం వంతులు వేసుకునేవాళ్ళం. ఒకరి ఇంట్లో పాలు పొంగిపోయేవి, ఒకరి ఇంట్లో పప్పు మాడేది. 'విపుల' మాసపత్రిక 1978 నుంచి 2021 దాకా దేశదేశాల కథలను మన ఇళ్ళకు మోసుకొచ్చింది. వంటింటి గడప దాటకుండా రష్యా చూశాం, ఫ్రాన్సు చూశాం. మంచిదే. మరి వాళ్ళ గడప దాకా మన కథను మోసేది ఎవరు?

కేంద్ర సాహిత్య అకాడెమీ 'ఇండియన్ లిటరేచర్' అనే ఇంగ్లీషు పత్రికను 1957లో మొదలుపెట్టింది. ఏడాదికి ఆరు సంచికలు. అకాడెమీ గుర్తించిన భాషలు 24. పెద్ద కుటుంబంలో ఒక్క గిన్నె పాయసం లాంటిదది. మన వంతుకు ఎన్ని చెంచాలు వస్తాయో మీరే లెక్కవేసుకోండి.

మిగిలిందంతా ఒంటిచేతి కష్టమే. పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన' ఇంగ్లీషులోకి వెళ్ళబట్టే 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వారి ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి అందుకుంది. కె. లలిత, సూసీ తారు గార్లు 1991, 1993లలో రెండు పెద్ద సంపుటాలుగా భారతీయ రచయిత్రులను ఇంగ్లీషులో వెలికితెస్తే, ముద్దుపళని మొదలు మన ఆడవాళ్ళు కొందరు ప్రపంచానికి తెలిశారు. వెల్చేరు నారాయణరావు గారి 'కన్యాశుల్కం' అనువాదం అమెరికాలో విశ్వవిద్యాలయ ప్రచురణగా వచ్చింది 2007లో, నాటకం ఆడిన 115 ఏళ్ళకు! ఓల్గా గారి 'విముక్త' ఇంగ్లీషు సీత అయింది 2016లో. అల్లాడి ఉమ, ఎం. శ్రీధర్ గార్లు ఏళ్ళ తరబడి తెలుగు కథలు అనువదిస్తూనే ఉన్నారు. నిడదవోలు మాలతి గారు అమెరికాలో కూర్చుని, 2001లో 'తూలిక' పేరుతో తెలుగు కథలకు ఇంగ్లీషులో ఒక అంతర్జాల పత్రికే మొదలుపెట్టారు. చూశారా చిత్రం! యాభై ఏళ్ళు నడిచిన చైనా పత్రిక మూతపడిన ఏడే, మన ఆడకూతురు ఒకావిడ ఆ పనిని ఒంటరిగా తలకెత్తుకుంది. అక్కడ ఒక కార్యాలయం, జీతాలు, అచ్చు యంత్రాలు. ఇక్కడ ఒక మనిషి, ఒక బల్ల.

వీళ్ళందరికీ చేతులెత్తి నమస్కరిస్తాను. కాని ఒక్కొక్కరు బిందెతో నీళ్ళు మోస్తుంటే, ఊరంతా చప్పట్లు కొట్టి ఇంటికి పోవడం న్యాయమా అని అడుగుతున్నాను. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8 కోట్ల పైచిలుకు. రెండు రాష్ట్రాలు. ఎన్ని విశ్వవిద్యాలయాలు! ప్రపంచ తెలుగు మహాసభలు 1975లో చేశాం, 2012లో చేశాం, 2017లో చేశాం. తోరణాలు కట్టాం, శాలువాలు కప్పాం. నాకు శాలువాల మీద కోపం లేదు. చలికాలంలో పనికొస్తాయి. కాని ఆ శాలువాల డబ్బుతో ఏడాదికి నాలుగు సంచికలు, అనువాదకులకు కాస్త గౌరవమైన పారితోషికం రాకపోవునా అన్నదే నా అనుమానం. ఇది బీదతనం కాదు, అశ్రద్ధ.

సారు ఊరుకుంటారా? "అనువాదంలో రుచి పోతుందమ్మా. మన నుడికారం ఇంగ్లీషులో ఎక్కడ పలుకుతుంది?" అన్నారు.

"సారూ, మీ అమ్మాయి డల్లాసులో ఉంది గదా, సకినాలు పంపుతారా?" అన్నాను.

"పంపుతాం, ఎందుకు పంపం?"

"విరగవూ?"

"సగం విరుగుతయి" అని నవ్వారు.

"మరి మానేశారా?"

మాట్లాడలేదు. సకినాలు విరుగుతాయని ఏ తల్లీ పంపడం మానలేదు. పాత చీరముక్క చుట్టి, డబ్బాలో సందుల్లేకుండా సర్ది, పైన కాగితాలు కుక్కి పంపుతుంది. అదే అనువాదకుడి పని. అవతల పిల్ల డబ్బా మూత తీసి విరిగిన ముక్క నోట్లో వేసుకుని, "మా అమ్మ చేతి సకినం" అనే అంటుంది గాని, "ఇది గుండ్రంగా లేదు, నాకొద్దు" అనదు. లూ శున్ చైనా నుడికారమంతా పూణే చేరిందని నేననుకోను. సగమే చేరి ఉంటుంది. ఆ సగానికే మా పిల్ల ఏడ్చింది.

"అయినా పిల్లలకు తెలుగు నేర్పాలి గాని, తెలుగు కథను ఇంగ్లీషు చేసి పెట్టడమేమిటి? ఇది ఓటమి ఒప్పుకోవడమే" అన్నారు సారు రెండో అస్త్రంగా. ఈ మాటలో నిజముంది. నేర్పాలి. నేర్పని పాపం నాదీ, మా అమ్మాయిదీ. కాని ఆకలి పుట్టకుండా అన్నం తినమంటే ఏ బిడ్డ తింటుంది? 'మనకు కథలే లేవు' అనుకునే పిల్లకు అక్షరాలు దిద్దించి చూడండి, రెండో రోజుకే పలక పక్కన పెడుతుంది. ముందు కథ తెలియాలి. కథ నచ్చితే, ఇది అసలు భాషలో ఎట్లుంటుందో అని తానే వస్తుంది. ఇంకో మాట. సరిహద్దు దాటితే కన్నడిగులు, తమిళులు, బెంగాలీలు మన కథను ఎందులో చదవాలి? తెలుగు నేర్చుకుని చదవమందామా?

"మనవాటిలో ప్రపంచానికి పంపదగ్గవి ఏమున్నాయి?" అనే మూడో రకం మనుషులు కూడా ఉన్నారు. సారు కాదు లెండి, ఆయనకు అంత పాపం అంటగట్టను. వీళ్ళకు జవాబు నాకంటే ముందే సురవరం ప్రతాపరెడ్డి గారు చెప్పారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అన్నారని, ఆయన వాదనకు దిగి గొంతు చించుకోలేదు. ఊరూరా అడిగి, కవితలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేసి ముందు పెట్టారు. ఉన్నవాళ్ళను చూపించడమే లేరన్నవాడికి జవాబు. 1985లో వెలసిన హైదరాబాదు తెలుగు విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆయన పేరే పెట్టుకున్నాం. పేరు పెట్టుకున్నందుకైనా ఆయన చేసిన పని ఇంగ్లీషులో ఒక్కసారి చేసి చూపించవద్దూ? మా పాత జిల్లా నిజామాబాదు జైల్లో దాశరథి గారు బొగ్గుముక్కతో గోడల మీద కవిత్వం రాశారు. పక్కనే వట్టికోట ఆళ్వారుస్వామి గారు ఉన్నారు. జైలు గోడ మీద నుంచి కవిత్వం బయటికి వచ్చింది గాని, తెలుగు గోడ మీద నుంచి బయటికి రావడానికి ఇన్నేళ్ళు కావాలా?

పొరుగింటిని చూసైనా మనకు రోషం రావాలి. 2025లో కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ గారి కథలకు అంతర్జాతీయ బుకర్ బహుమతి వచ్చింది. దీపా భస్తి గారు 'హార్ట్ ల్యాంప్' పేరుతో ఇంగ్లీషు చేశారు. 50 వేల పౌండ్లు ఇద్దరికీ చెరి సగం! అనువాదం చేసినామెకు రాసినామెతో సమానంగా. 2022లో హిందీ రచయిత్రి గీతాంజలి శ్రీ గారికి వచ్చింది ఇలాగే. ఇద్దరూ ఆడవాళ్ళే. బాను ముష్తాక్ గారు రాసింది ఏ రాజుల కథలో కాదు, ఇళ్ళల్లో, గల్లీల్లో ఆడవాళ్ళు పడే పాట్లు. అవి మన దగ్గర లేవా? బోలెడున్నాయి. వాటిని రాసినవాళ్ళూ బోలెడుమంది. మనకు కొరవడింది దీపా భస్తి. కాదు, దీపా భస్తిలాంటి వాళ్ళకు ఇంత కాగితం, ఇంత కూలి, ముఖచిత్రం మీద ఇంత చోటు ఇచ్చే ఒక ఇల్లు.

మా ఊరి సంగతి చెప్పి ముగిస్తాను. మంజీర మీద మా నిజాంసాగర్ కట్ట 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేశారు. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ గారు. 2 లక్షల 75 వేల ఎకరాలకు నీళ్ళివ్వాలని కట్టిన ప్రాజెక్టు. కట్ట మీద నిలబడి చూస్తే ఆ నీళ్ళను చూసే అందరూ మురిసిపోతారు. మావారు మాత్రం నన్ను తూము దగ్గరికి తీసుకుపోయేవారు. "కట్ట గొప్ప కాదు, ఇదీ గొప్ప. తూము లేకుంటే ఇదంతా ఉత్త మడుగు" అనేవారు. మొదట్లో 29 టీఎంసీలకు పైగా పట్టే జలాశయం పూడికతో ఇప్పుడు 17 చిల్లరకు వచ్చింది. మన సాహిత్యానికి కట్ట ఉంది. నీళ్ళున్నాయి. తూము లేదు. మట్టి మాత్రం ఏటేటా చేరుతోంది. ఆ రచయిత్రిని చదివినవాళ్ళు పోతున్నారు, ఆ పుస్తకం మళ్ళీ అచ్చు కావడం లేదు, ఆ మాట తెలిసిన ముసలమ్మలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నాం.

అందుకే అడుగుతున్నాను. ఏడాదికి నాలుగే సంచికలతో, తెలుగు సాహిత్యాన్ని ఇంగ్లీషులో ఇచ్చే ఒక పత్రిక కావాలి. డబ్బు ప్రభుత్వానిదైనా పెత్తనం సంపాదకులదే కావాలి. ఆ యాంగ్ దంపతుల చెర మనకు నేర్పిన పాఠం అది. హాంగ్‌కాంగ్‌లో చైనీస్ విశ్వవిద్యాలయం వారు 1973లో 'రెండిషన్స్' అనే అనువాద పత్రిక పెట్టారు. విశ్వవిద్యాలయాలు తలుచుకుంటే చేయగల పనే ఇది. అనువాదకులకు పారితోషికం ఇవ్వాలి, పేరు అట్ట మీద వేయాలి. దేశంలో ప్రతి కాలేజీ లైబ్రరీకి చేరాలి.

ఇంకొకటి మనలో మన మాట. ఎమ్మే ఇంగ్లీషు చదివి, ఆ పట్టాను పెళ్ళి చీరల కింద దాచిన అక్కచెల్లెళ్ళు మీలో ఎంతమంది లేరు? పత్రిక వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర లేదు. మీకు నచ్చిన ఒక్క కథ తీసుకోండి. మీ ఇంట్లో తెలుగు చదవలేని ఒక్క పిల్ల కోసం రోజుకు అర పేజీ ఇంగ్లీషు చేయండి. రేపు పత్రిక వచ్చిననాడు "అనువాదాలు ఎక్కడున్నాయి" అని వాళ్ళు వెతుక్కోకుండా, మన పెట్టెలో సిద్ధంగా ఉంటాయి.

నేను మొదలుపెట్టాను. ఆ రాత్రే మనవరాలిని ఫొటో కింద కూర్చోబెట్టి మా మేనత్త సంగతంతా చెప్పాను. పిల్ల చైనా కథకు ఏడ్చినంత ఏడవలేదు. చాలాసేపు ఫొటో వంక చూసి, "ఈవిడ పేరేంటమ్మమ్మా?" అంది. "రాజమ్మ" అన్నాను. ఆ పేరు ఆ ఇంట్లో పలికి ఎన్నేళ్ళయిందో! చిన్నమ్మ అనో అత్తమ్మ అనో అనేవాళ్ళమే గాని, పేరు పెట్టి పిలిచిన జ్ఞాపకం నాకే లేదు. పిల్ల వెంటనే నోటుబుక్కు తీసి, నేను చెబుతుంటే ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టింది. రెండు పేజీలు చకచకా నడిచింది. వియ్యాలవారి సకినాల దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది.

"అమ్మమ్మా, ముత్తైదువ అంటే ఇంగ్లీషులో ఏం రాయాలి?"

'మ్యారీడ్ ఉమన్' అంటే చాలదు. 'లక్కీ ఉమన్' అంటే ఇద్దరికీ నవ్వొచ్చింది. పూణే వెళ్ళిపోయాక కూడా రోజూ ఫోనులో అదే తర్జనభర్జన. సారును అడిగితే ఆయన కూడా రెండు రోజులుగా డిక్షనరీలు తిరగేస్తున్నారు. అనువాదమే వద్దన్న మనిషి!

మీలో ఎవరికైనా సరైన మాట తడితే దయచేసి ఒక ఉత్తరం ముక్క రాయండి. మా రాజమ్మ అత్త ఆ మాట దగ్గరే, తలుపు వెనక, ఇంకా నిలబడి ఉంది.